విదేశీయులకు స్పానిష్ బోధన – మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయ అనుభవం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం 1921లో విదేశీయుల కోసం ఒక వేసవి పాఠశాలను ప్రారంభించింది. స్పానిష్ భాషతో పాటు మెక్సికో సాహిత్యం, చరిత్ర, కళలను బోధించిన ఆ పాఠశాలే నేడు ‘విదేశీయుల బోధనా కేంద్రం’గా కొనసాగుతున్నది. ఈ సంస్థ ఏ రాజకీయ పరిస్థితులలో పుట్టిందో, దాని తొలి సంచాలకుడు పేద్రో ఎన్రీకెస్ ఉరేన్యా భాషాదృష్టి ఎటువంటిదో, ఒక శతాబ్ద కాలంలో ఆ బోధన ఎలా విస్తరించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే కాలంలో అదే భాష విదేశీ అతిథికి, ఆదివాసీ బాలునికి, సరిహద్దుకు ఆవలనున్న మెక్సికన్ సంతతికి మూడు వేర్వేరు విధాలుగా చేరిన తీరును వివరిస్తుంది.

కీలకపదాలు: మెక్సికో, స్పానిష్, వేసవి పాఠశాల, ఎన్రీకెస్ ఉరేన్యా, ఆదివాసీ భాషలు, ప్రమాణభాష, భాషాబోధన.

1. ప్రవేశిక

ఒక భాషను పరాయివారికి నేర్పడమంటే కేవలం వర్ణమాలను, క్రియారూపాలను అందించడం కాదు. పాఠ్యపుస్తకంలో ఏ వాక్యాలు చేర్చాలి, ఏ రచయితలను చదివించాలి, ఏ ఉచ్చారణను సరైనదిగా చూపాలి అన్న ప్రతి నిర్ణయంలోనూ ఆ భాషాసమాజం తనను తాను ఎలా చూసుకుంటున్నదో తెలుస్తుంది. ఆ నిర్ణయాలను ప్రభుత్వ ధనంతో నడిచే విశ్వవిద్యాలయం తీసుకున్నప్పుడు వాటికి జాతీయ ప్రాతినిధ్యం కూడా వచ్చి చేరుతుంది.

మెక్సికో విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలమైనది. స్పానిష్ ఆ దేశానికి విజేతలు తెచ్చిన భాష. మూడు శతాబ్దాల వలసపాలన తరువాత 1821లో స్వాతంత్ర్యం వచ్చింది. పాలకులు వెళ్ళిపోయినా వారి భాష నిలిచిపోయింది. సరిగ్గా వంద సంవత్సరాల తరువాత, 1921లో, ఆ దేశపు విశ్వవిద్యాలయం అదే భాషను తన సొంత భాషగా ప్రపంచానికి నేర్పడానికి పూనుకున్నది. వలసభాష స్వభాషగా మారి, తిరిగి ఇతరులకు బోధించే స్థాయికి చేరడం వెనుక ఉన్న చరిత్ర భాషాబోధనా రంగంలోని వారందరికీ ఆసక్తి కలిగించేది.

2. విశ్వవిద్యాలయ నేపథ్యం

మెక్సికో నగరంలో విశ్వవిద్యాలయ స్థాపనకు స్పెయిన్ రాజశాసనం 1551లో వెలువడింది. 1553లో పాఠాలు మొదలయ్యాయి. ఆ సంస్థలో విద్యాభాష లాటిన్. క్రైస్తవ మతగురువులకు స్థానికులతో మాట్లాడవలసిన అవసరం ఉన్నందువల్ల 17వ శతాబ్దంలో నహువాట్ల్, ఒతోమీ భాషలకు ఆచార్య పీఠాలు కూడా ఏర్పడ్డాయి. అంటే స్పానిష్‌ను ఒక పాఠ్యాంశంగా బోధించక ముందే అక్కడ ఆదివాసీ భాషల బోధన ఉండేది. అయితే అది ఆ భాషలపై గౌరవంతో వెలసినది కాదు, మతప్రచార సాధనంగా వెలసినది.

స్వాతంత్ర్యానంతరం ఉదారవాదులు ఈ విశ్వవిద్యాలయాన్ని మతఛాందసానికి నిలయంగా భావించారు. 19వ శతాబ్దంలో అది పలుమార్లు మూతపడి, తెరుచుకొని, 1865లో శాశ్వతంగా ముగిసింది. విద్యామంత్రి హుస్తో సియెర్రా కృషితో 1910 సెప్టెంబరు 22న కొత్త జాతీయ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. సలమాంకా, పారిస్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు దానికి జ్ఞానమాతలుగా వ్యవహరించాయి. ఈ మూడింటి ఎంపికలోనే కొత్త సంస్థ చూపు ఎటువైపు ఉన్నదో తెలుస్తుంది. ఒకటి భాషామూలం, ఒకటి ఆనాటి మేధోరాజధాని, ఒకటి ఉత్తరాన ఉన్న బలమైన పొరుగుదేశం.

విశ్వవిద్యాలయం ప్రారంభమైన రెండు నెలలకే విప్లవం చెలరేగింది. 1910 జనగణనలో సుమారు 1.51 కోట్లుగా ఉన్న దేశ జనాభా 1921 నాటికి సుమారు 1.43 కోట్లకు తగ్గింది. యుద్ధం, అంటువ్యాధులు, వలసలు ఇందుకు కారణాలు. ఈ దశాబ్దపు గాయాల నుండి దేశం తేరుకుంటున్న తరుణంలోనే వేసవి పాఠశాల ఆలోచన రూపుదిద్దుకున్నది.

3. 1921: వేసవి పాఠశాల ఆవిర్భావం

1920 జూన్‌లో హోసే వాస్కోన్సెలోస్ విశ్వవిద్యాలయ రెక్టరు అయ్యాడు. ఆ మరుసటి సంవత్సరమే కొత్తగా ఏర్పడిన ప్రభుత్వ విద్యాశాఖకు మంత్రి అయ్యాడు. దేశం విద్య ద్వారానే పునర్నిర్మాణం పొందగలదని ఆయన నమ్మకం. గ్రామీణ పాఠశాలలు, గ్రంథాలయాలు, చౌక ధరలకు ప్రాచీన గ్రంథాల ముద్రణ, ప్రభుత్వ భవనాల గోడలపై కుడ్యచిత్రాలు మొదలైనవి ఆయన కార్యక్రమాలు. వేసవి పాఠశాల వీటికి తోబుట్టువు. మిగిలినవి దేశప్రజలను ఉద్దేశించినవి కాగా, ఇది పరదేశీయులను ఉద్దేశించినది.

దీనికి రెండు తక్షణ కారణాలున్నాయి. మొదటిది రాజకీయమైనది. 1914లో అమెరికా సైన్యం వెరక్రూస్ రేవును ఆక్రమించింది. 1916–17లో జనరల్ పెర్షింగ్ దళాలు మెక్సికో ఉత్తర భాగంలోకి చొరబడ్డాయి. భూగర్భ సంపద జాతిదేనని ప్రకటించిన 1917 రాజ్యాంగం అమెరికన్ చమురు సంస్థలను కలవరపరచింది. అధ్యక్షుడు అల్వారో ఓబ్రెగోన్ ప్రభుత్వాన్ని అమెరికా 1923 ఆగస్టు చివరి వరకు గుర్తించలేదు. ఆ రోజులలో అమెరికన్ పత్రికలలో మెక్సికో అంటే తుపాకులు, బందిపోట్లు మాత్రమే. రాయబార మార్గాలు మూసుకుపోయిన వేళ విశ్వవిద్యాలయం మరొక తలుపు తెరిచింది.

రెండవది విద్యారంగానికి సంబంధించినది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల అమెరికన్ పాఠశాలలలో జర్మన్ బోధన కుప్పకూలింది. దాని స్థానంలో స్పానిష్‌కు గిరాకీ పెరిగింది. 1917లో అక్కడ స్పానిష్ ఉపాధ్యాయుల జాతీయ సంఘం ఏర్పడింది. తరగతులు పెరిగినంత వేగంగా శిక్షణ పొందిన ఉపాధ్యాయులు దొరకలేదు. వేసవి సెలవులలో రైలెక్కి రాగలిగినంత దూరంలో స్పానిష్ మాట్లాడే రాజధాని నగరం ఉన్నది. ఈ అవసరానికి, ఆ అవకాశానికి మధ్య వంతెనగా వేసవి పాఠశాల నిలిచింది. తొలి తరాల విద్యార్థులలో అమెరికన్ పాఠశాల ఉపాధ్యాయులు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

4. పేద్రో ఎన్రీకెస్ ఉరేన్యా భాషాదృష్టి

పాఠశాల తొలి సంచాలకుడు మెక్సికన్ కాదు. పేద్రో ఎన్రీకెస్ ఉరేన్యా 1884లో సాంతో దొమింగోలో జన్మించాడు. తల్లి సలోమే ఉరేన్యా ఆ దేశపు ప్రసిద్ధ కవయిత్రి. తండ్రి ఫ్రాన్సిస్కో ఎన్రీకెస్ ఇ కార్వహాల్ 1916లో దొమినికన్ గణతంత్రానికి అధ్యక్షుడైన కొద్ది నెలలకే అమెరికా సైనిక ప్రభుత్వం వచ్చి ఆయన పదవిని రద్దు చేసింది. ఆ ఆక్రమణ 1924 వరకు సాగింది. అంటే వేసవి పాఠశాలకు వచ్చిన అమెరికన్లకు భాషాసాహిత్యాలు నేర్పే బాధ్యత, తన తండ్రి పదవిని, తన దేశ స్వాతంత్ర్యాన్ని ఆ అమెరికా ప్రభుత్వమే హరించిన వ్యక్తి చేతిలో ఉన్నది. ఆయన మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బోధించి, అక్కడే డాక్టరేటు పొందినవాడు. ఒక దేశపు ప్రభుత్వాన్నీ, ఆ దేశపు విద్యార్థినీ వేర్వేరుగా చూడగలిగిన వివేకం ఆయనది.

ఆయనకు మాద్రిద్‌లోని చారిత్రక అధ్యయన కేంద్రంతో సన్నిహిత సంబంధం ఉండేది. విదేశీయుల కోసం ఆ కేంద్రం 1912 నుండి వేసవి కోర్సులు నడుపుతున్నది. మెక్సికో పాఠశాలకు ఒక నమూనా అప్పటికే ఉన్నదన్నమాట. అయితే ఆయన నమూనాను తెచ్చుకున్నాడు గాని మాద్రిద్ ప్రమాణాన్ని తెచ్చుకోలేదు. వేసవి పాఠశాల ప్రారంభమైన 1921లోనే అమెరికా ఖండాల స్పానిష్‌పై ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం మాద్రిద్ భాషాశాస్త్ర పత్రికలో అచ్చయింది.

ఆ వ్యాసంలో రెండు ప్రతిపాదనలు ముఖ్యమైనవి. ఖండంలోని స్పానిష్ అంతా దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియా మాండలికం నుండి పుట్టినదన్న వాదాన్ని ఆయన ప్రశ్నించాడు. ఖండపు స్పానిష్‌ను ఐదు మండలాలుగా విభజిస్తూ, ప్రతి మండలాన్నీ అక్కడి ఆదివాసీ భాషాసంపర్కంతో ముడిపెట్టాడు. మెక్సికో మండలానికి నహువాట్ల్, కరీబియన్ మండలానికి అరవాక్, ఆండీస్ మండలానికి కెచువా, చిలీకి మాపుచే, లాప్లాటా నదీ ప్రాంతానికి గ్వారనీ ఆధారాలుగా చూపాడు. ఈ సిద్ధాంతంలోని అనేక అంశాలను తరువాతి భాషావేత్తలు సవరించారు. అయినప్పటికీ దాని చారిత్రక ప్రాధాన్యం తగ్గదు. మెక్సికో స్పానిష్ స్పెయిన్ భాషకు చెడిపోయిన రూపం కాదని, తన సొంత నేలలో వేళ్ళూనిన రూపమని చెప్పడానికి అది శాస్త్రీయ భూమికను సమకూర్చింది. ఆ ఆదివాసీ భాషల జాడ తెలుగువారి నాలుకపై కూడా ఉన్నది. నహువాట్ల్ పదాలు స్పానిష్ మీదుగా, ఆంగ్లం మీదుగా ప్రయాణించి తెలుగులో టమాటా, చాక్లెట్ అయ్యాయి.

ఎన్రీకెస్ ఉరేన్యా 1924లో మెక్సికోను వీడి అర్జెంటీనా వెళ్ళాడు. ఆయన నిలిపిన సూత్రం మాత్రం మిగిలింది: భాషను ఆ దేశపు చరిత్ర, సాహిత్యం, కళల నుండి విడదీసి నేర్పరాదు.

5. అతిథులు – వారి కృషి

సంస్కృతీబోధన ఫలితాలు పాఠశాల గోడలు దాటి కనిపించాయి. అమెరికన్ ఉపాధ్యాయిని ఫ్రాన్సెస్ టూర్ 1922లో వేసవి విద్యార్థినిగా వచ్చి మెక్సికోలోనే స్థిరపడింది. 1925లో ఆమె ప్రారంభించిన ‘మెక్సికన్ ఫోక్‌వేస్’ పత్రిక జానపద గీతాలను, ఉత్సవాలను, చేతిపనులను ఆంగ్ల, స్పానిష్ భాషలు రెండింటిలోనూ నమోదు చేసింది. చిత్రకారుడు దియేగో రివేరా దానికి కళాసంపాదకుడు. 1937 వరకు వెలువడిన ఈ పత్రిక మెక్సికో జానపద విజ్ఞానానికి ముఖ్యమైన ఆకరం.

న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో వాస్తుశాస్త్రం బోధించిన విలియం స్ప్రాట్లింగ్ 1920ల చివరలో వేసవి పాఠశాలలో వలసకాలపు వాస్తుకళపై ఉపన్యాసాలిచ్చాడు. 1929లో తాస్కో పట్టణంలో స్థిరపడి 1931లో వెండిపనుల కార్ఖానా పెట్టాడు. ఆ పట్టణం వెండి ఆభరణాలకు పేరుపొందడంలో ఆయన పాత్ర పెద్దది. కాలక్రమంలో అదే తాస్కోలో విశ్వవిద్యాలయం విదేశీయుల బోధనా కేంద్రానికి శాఖను నెలకొల్పడం గమనార్హం.

అయితే ఈ ఆదరణలో ఒక చిక్కు కూడా ఉన్నది. 1921లో స్వాతంత్ర్య శతవార్షికోత్సవాల సందర్భంగా రాజధానిలో జానపద కళల ప్రదర్శన జరిగింది. అంతవరకు మధ్యతరగతి చిన్నచూపు చూసిన కుండలు, నేతలు, లక్కపనులు జాతీయ కళాసంపదగా గుర్తింపు పొందాయి. విదేశీ విద్యార్థులకు చూపిన మెక్సికోలో వీటికి ముఖ్యస్థానం దక్కింది. కాని ఆ కుండలు చేసిన చేతుల భాషకు ఆ స్థానం దక్కలేదు.

6. మరొక తరగతి గది: ఆదివాసీ బాలలు

వేసవి పాఠశాలలో అమెరికన్లు స్పానిష్ నేర్చుకుంటున్న సంవత్సరాలలోనే గ్రామీణ పాఠశాలలలో ఆదివాసీ పిల్లలు కూడా స్పానిష్ నేర్చుకుంటున్నారు. రెండు బోధనలూ ఒకే విద్యావేత్తల తరం ఆలోచన నుండి పుట్టినవే. తేడా ఎక్కడంటే, విదేశీయుడు తన భాషను నిలుపుకొని మరొక భాషను చేర్చుకున్నాడు. ఆదివాసీ బాలుడు తన భాషను వదిలి స్పానిష్‌లోకి రావాలని విద్యావిధానం ఆశించింది. దేశానికంతకూ ఒకే భాష ఉంటేనే ఒకే జాతి అవుతుందన్నది ఆనాటి నమ్మకం. వాస్కోన్సెలోస్ ఆదివాసులకు ప్రత్యేక విద్యను సమర్థించలేదు. వారిని నేరుగా జాతీయ స్రవంతిలో కలపాలన్నది ఆయన అభిమతం.

1926లో రాజధానిలో ‘ఆదివాసీ విద్యార్థి గృహం’ ప్రారంభమైంది. వివిధ ప్రాంతాల నుండి యువకులను తెచ్చి, స్పానిష్‌లో చదివించి, తిరిగి గ్రామాలకు పంపాలన్నది సంకల్పం. చదువుకున్నవారిలో చాలామంది నగరం విడిచి వెళ్ళడానికి ఇష్టపడలేదు. 1932లో ఆ సంస్థ మూతపడింది. ఈ విధానానికి ముఖ్య సమర్థకులలో ఒకడైన మోయిసెస్ సాయెన్స్ 1930లలో మిచోవాకాన్ రాష్ట్రంలోని కరాపాన్ గ్రామంలో ప్రయోగాత్మకంగా పనిచేశాక, తన పూర్వాభిప్రాయాలను సవరించుకున్నాడు.

విశ్వవిద్యాలయంలో ఈ విషయమై మార్పు నెమ్మదిగా వచ్చింది. 1957లో ఆంహెల్ మరియా గరిబాయ్, మిగెల్ లెయోన్-పోర్తియా నహువాట్ల్ సంస్కృతీ అధ్యయన పీఠాన్ని నెలకొల్పారు. 1959 నుండి దాని పరిశోధన పత్రిక వెలువడుతున్నది. 1978లో ప్రభుత్వ విద్యాశాఖలో ఆదివాసీ విద్యకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2003 నాటి భాషాహక్కుల చట్టం ఆదివాసీ భాషలను స్పానిష్‌తో పాటు జాతీయ భాషలుగా గుర్తించింది. అధికారిక సూచిక ప్రకారం అటువంటి భాషలు 68. ఎన్రీకెస్ ఉరేన్యా 1921లో స్పానిష్‌కు ఆధారాలుగా చూపిన భాషలలో ఒకటైన నహువాట్ల్‌కు చట్టంలో సమాన స్థానం రావడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది.

7. సరిహద్దుకు ఆవల: సాన్ ఆంటోనియో

విశ్వవిద్యాలయం 1929లో స్వయంప్రతిపత్తి పొందింది. అప్పటి నుండి వేసవి పాఠశాల ప్రభుత్వ వాణిగా కాక, విద్యాసంస్థ వాణిగా మాట్లాడే అవకాశం పెరిగింది. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం ముగిశాక మెక్సికో సుమారు 20 వేలమంది శరణార్థులకు ఆశ్రయమిచ్చింది. వారిలోని ఆచార్యులు అనేకులు విశ్వవిద్యాలయంలో చేరారు. ఒకప్పుడు భాషను రుద్దిన దేశం నుండి వచ్చినవారు ఈసారి ఆశ్రితులుగా వచ్చి ఆ భాషాసాహిత్యాలను బోధించారు.

1944లో విశ్వవిద్యాలయం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన సాన్ ఆంటోనియో నగరానికి తన కోర్సులను విస్తరించింది. ఇక్కడ ‘విదేశీయుడు’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. 1836 వరకు ఆ నగరం మెక్సికోలో భాగం. అక్కడి జనాభాలో మెక్సికన్ సంతతివారు పెద్దసంఖ్యలో ఉన్నారు. అయితే టెక్సాస్ 1918లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమే బోధనభాష. ఆటస్థలంలో స్పానిష్ మాట్లాడినందుకు పిల్లలు శిక్షలు అనుభవించిన కాలమది. ఆ నిషేధాన్ని తొలగిస్తూ ద్విభాషా విద్యను అనుమతించే చట్టం 1969లో వచ్చింది. ఆ మధ్యకాలంలో బడిలో తప్పుగా లెక్కించిన భాషే విశ్వవిద్యాలయ కోర్సులో గౌరవనీయ విషయంగా నిలిచింది.

సాన్ ఆంటోనియో అనుభవం భాషాబోధకుల ముందు కొత్త సమస్యను ఉంచింది. ఇంట్లో స్పానిష్ వింటూ పెరిగి, చదవడం రాయడం రానివారు అటు విదేశీయులూ కారు, ఇటు పూర్తి భాషీయులూ కారు. వారికి భాష కొత్తది కాదు. తమ భాష తప్పు కాదన్న నమ్మకమే వారికి కొత్తది. అమెరికా నైరుతి ప్రాంతపు ద్విభాషా సమాజాన్ని ఎన్రీకెస్ ఉరేన్యా తన ఐదు మండలాలలో మెక్సికోతో కలిపి ఒకే మండలంగా చూపిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రాజకీయ సరిహద్దు, భాషా సరిహద్దు ఒకటి కావన్న ఆయన పరిశీలనకు విశ్వవిద్యాలయ శాఖ ఆచరణరూపం ఇచ్చింది. తరువాతి కాలంలో షికాగోలోను, కెనడాలోని గాటినోలోను శాఖలు వెలిశాయి.

8. ప్రమాణభాష ఎవరిది?

విదేశీయునికి నేర్పేటప్పుడు ఏ స్పానిష్ నేర్పాలన్న ప్రశ్న తప్పదు. స్పెయిన్‌లో మధ్యమపురుష బహువచనానికి చనువు రూపం, మర్యాద రూపం వేర్వేరుగా ఉన్నాయి. మెక్సికోలో ఒక్క రూపమే రెండింటికీ చెల్లుతుంది. స్పెయిన్‌లో అధికభాగం రెండు ధ్వనులుగా పలికే వర్ణాలను మెక్సికోలో ఒకే ‘స’కారంగా పలుకుతారు. మెక్సికో నగరంలో కూర్చుని మాద్రిద్ రూపాలను బోధిస్తే విద్యార్థి వీధిలోకి వెళ్ళగానే పాఠం పనికిరాకుండా పోతుంది.

ఈ ప్రశ్నకు పరిశోధన స్థాయిలో సమాధానం వెదికినవారిలో హువాన్ లోపె బ్లాంచ్ ముఖ్యుడు. స్పెయిన్‌లో పుట్టి 1950లలో మెక్సికో విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ఈ భాషావేత్త, స్పానిష్ మాట్లాడే ప్రధాన నగరాలలో విద్యావంతుల వాడుకభాషను ఒకే పద్ధతిలో నమోదు చేయాలని 1964లో ప్రతిపాదించాడు. ఆ ప్రణాళికలో భాగంగా మెక్సికో నగర విద్యావంతుల సంభాషణల సంపుటం 1971లో, సామాన్యుల వాడుక సంపుటం 1976లో వెలువడ్డాయి. స్పానిష్‌కు ఒకే కేంద్రం లేదని, అనేక నగరప్రమాణాలున్నాయని నిరూపించడానికి ఇవి ఆధారాలయ్యాయి.

అకాడమీల స్థాయిలోనూ ఇదే దిశ కనిపిస్తుంది. స్పానిష్ భాషా అకాడమీల సంఘం 1951లో మెక్సికో నగరంలో జరిగిన సమావేశంలోనే రూపుదాల్చింది. స్పానిష్ ప్రావీణ్యానికి సంబంధించిన ‘సియెలే’ అంతర్జాతీయ పరీక్ష 2016లో అమలులోకి వచ్చింది. దాని నిర్వాహకులలో సెర్వాంతెస్ సంస్థ, సలమాంకా విశ్వవిద్యాలయాలతో పాటు మెక్సికో విశ్వవిద్యాలయం కూడా ఉన్నది. 1910లో జ్ఞానమాతగా నిలిచిన సలమాంకాతో సమాన భాగస్వామిగా ప్రమాణాన్ని నిర్ణయించే స్థాయికి అది చేరుకున్నది.

9. ఉపసంహారం

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• వేసవి పాఠశాల గుర్తింపు కరవైన ప్రభుత్వం, ఉపాధ్యాయులు కరవైన పొరుగుదేశం కలిసిన చోట పుట్టింది. భాషాబోధన ఇక్కడ రాయబారంగా కూడా పనిచేసింది.

• సంస్కృతిని భాషతో కలిపి బోధించడం వల్ల విద్యార్థులు కొందరు ఆ దేశపు జానపద, హస్తకళా రంగాలకు సేవకులయ్యారు.

• భాష తమదేనన్న ధీమా అమెరికా ఖండాల స్పానిష్‌పై జరిగిన స్వతంత్ర పరిశోధన నుండి వచ్చింది. పరిశోధన లేని బోధన మాద్రిద్ నీడలోనే ఉండిపోయేది.

• విదేశీ అతిథికి చూపిన ఓర్పు ఆదివాసీ బాలునికి చాలాకాలం దక్కలేదు. అతిథికి స్పానిష్ అదనపు సంపద కాగా, ఆదివాసికి అది తన భాషకు బదులుగా వచ్చినది. ఈ చరిత్రలోని తీరని లోపం ఇదే.

తెలుగు బోధన కూడా నేడు ఈ మూడు రకాల విద్యార్థుల మధ్యనే ఉన్నది. తెలుగును పరిశోధన కోసం నేర్చుకునే విదేశీయులున్నారు. ప్రవాసంలో ఇంటిమాటగా తెలుగు విని, బడిలో అక్షరాలు దిద్దని పిల్లలున్నారు. గోండి, కోయ మొదలైన భాషలు మాట్లాడే ఇళ్ళనుండి వచ్చి తెలుగు వాచకం తెరిచే పిల్లలున్నారు. మొదటి ఇద్దరి కోసం పాఠ్యప్రణాళికలు రచించేటప్పుడు మూడవవారిని మరవరాదన్నది మెక్సికో శతాబ్ద చరిత్ర ఇచ్చే హెచ్చరిక. ఒక భాష ఎంత ఉదారమైనదో అతిథికి పెట్టిన పీటను బట్టి కాక, ఇంటిలోని చిన్న భాషలకు విడిచిన చోటును బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.